పద్నాలుగు లైన్లలో ఒక ప్రార్థన

2023లో జర్మనీలో, హానోవర్ దగ్గర ఒక చిన్న పట్టణపు మ్యూజియంలో చేరాను. నా పని టెక్స్ట్ ప్యానెల్‌లు రాయడం. అంటే గోడ మీద ఫొటో పక్కన ఉండే పలక. పద్నాలుగు లైన్లు దాటకూడదు. దాటితే జనం చదవకుండా నడిచిపోతారు.

అప్పటి ప్రదర్శన ఆ పట్టణం నుంచి వలస వెళ్ళినవాళ్ళ గురించి. వాళ్ళలో ఒకాయన గని కార్మికుడి కొడుకు. చిన్నప్పుడే ఆస్ట్రేలియా చేరి, తనూ గనిలో దిగి, యూనియన్ నాయకుడై, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అక్కడి పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. మంత్రి కూడా అయ్యాడు. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చాక తన చర్చిలో ప్రతి ఆదివారం రెండు వైపుల సైనికుల కోసమూ ప్రార్థించాడు. జర్మన్లను వదిలెయ్, సీటు నిలుస్తుంది అని పార్టీవాళ్ళు బతిమాలారు. ఆయన వదల్లేదు. ఓడిపోయాడు, మళ్ళీ గెలవలేదు. ఇదంతా ఆనాటి పత్రికల్లోనే ఉంది.

నా చిత్తుప్రతి పొడుగైంది. ప్రదర్శన బాధ్యత చూసే క్యూరేటర్ ఎర్ర పెన్నుతో ముందు ప్రార్థననే కొట్టేశాడు.

"జర్మనీలో పుట్టినందుకు ఓడిపోయాడని రాయండి, చాలు. మతం ఆయన సొంత విషయం."

"ఇక్కడ పుట్టాడని అంతకుముందు ఎన్నికల్లోనూ తెలుసు కదండీ. అయినా గెలిపించారు."

"ఇది మ్యూజియం, చర్చి కాదు. పద్నాలుగు లైన్లకు తగ్గించి తీసుకురండి."

నాతో గది పంచుకునే సుధది కరీంనగర్. ఉల్లిగడ్డలు కోస్తూ అంతా విన్నది.

"అక్కా, నువ్వింక ప్రోబెట్‌సైట్‌ల ఉన్నవ్. చేరిన కొత్తల ఎప్పుడన్న తీసేస్తరు. గాయనేమన్న నీ మేనమామనా?"

"విశ్వాసంలో అన్నయ్య."

"గా అన్నయ్యనే నీకు వీసా ఇప్పిస్తడా మరి?"

నవ్వాను. కానీ గుంటూరులో మా సంఘం, శత్రువుల కోసం ప్రార్థించమన్న ప్రభువు మాటను నాకు ఊహ తెలిసేలోపే కంఠతా పట్టించింది. పదవి పోతుందని తెలిసీ ఆ మాట నిలబెట్టినవాణ్ణి నా చేత్తో కొట్టేయనా?

మర్నాడు సరిగ్గా పద్నాలుగు లైన్లు తెచ్చిచ్చాను. క్యూరేటర్ రెండుసార్లు చదివాడు.

"మంత్రి పదవేదీ? ఆయన వేయించిన రైలు మార్గమేదీ?"

"కొట్టేశాను. చోటు చాల్లేదు."

"మంత్రి గురించి రాస్తూ మంత్రి పదవే తీసేస్తారా!"

"మంత్రులు ఎందరో అయ్యారు. ప్రార్థన కోసం సీటు పోగొట్టుకున్నది మన గోడ మీద ఈయనొక్కడే. ఇది తీసేస్తే నేను రాయను. మీరే రాసుకోండి."

చివరికి 'మంత్రి' అన్న మాట ఆయనే ఎలాగో ఇరికించాడు. రైలు మార్గం పోయింది. ప్రార్థన ఉండిపోయింది. ప్రోబెట్‌సైట్ ముగియకముందే నా ఉద్యోగమూ పోయింది.

"మా పద్ధతి మీకు సరిపడదు" అన్నాడు క్యూరేటర్.

"సరిపడదు" అన్నాను.

ప్రదర్శన మొదలయ్యాక సుధను తీసుకుని, టికెట్ కొనుక్కుని వెళ్ళాను. ఆ ప్యానెల్ ముందు నిలబడి సుధ జర్మన్ కూడబలుక్కుంటూ చివరిదాకా చదివింది.

"మళ్ల గెలవనే లేదా అక్కా? మరి గోడ మీదికెందుకు ఎక్కిచ్చిన్రు?"

"గెలవడానికి ఆ ప్రార్థన మానలేదు కాబట్టి."

ఇప్పుడు ఇంకో పట్టణంలో అదే పని చేస్తున్నాను. ఎవరి జీవితమైనా పద్నాలుగు లైన్లలో పట్టకపోతే ఎర్ర పెన్ను నేనే తీసుకుంటాను. ముందు పదవులు కొట్టేస్తాను.