గడ్డిబండి కొలిచిన తోరణం

మా బావ పద్మనాభయ్యకు అభిప్రాయం లేని విషయం ఉండేది కాదు. నెల్లూరు నుంచి పేపరు మా ఊరికి ఒకరోజు ఆలస్యంగా వచ్చేది. ఆయన అభిప్రాయం మాత్రం ఒకరోజు ముందే సిద్ధంగా ఉండేది. సాయంత్రం పంచాయతీ ఆఫీసు అరుగు మీద రేడియోలో వార్తలు అయిపోగానే ఎవరో ఒకరు మీట తిప్పి దాన్ని కట్టేసేవారు. బావను కట్టేసే మీట ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

ఆయన మా అక్క ఆదిశేషమ్మ భర్త. తోటపల్లి గూడూరు దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే చిన్న ఊరు వాళ్లది. నేను ఆ ఊరి బళ్లో పంతులుగా చేరి, అక్క వండింది తింటూ, పద్యాలు రాసేవాణ్ణి. వాటిని పత్రికలకు పంపేవాణ్ణి. అవి ఇల్లు మరిచిపోని పశువుల్లా తిరిగి వచ్చేవి. ఊళ్లో నా పద్యాలు విని ఊరుకున్న మనిషి బావ ఒక్కడే. ఊరుకోవడం అంటే, తన అభిప్రాయం చెప్పడానికి నేను ముగించేదాకా ఆగడం.

రోడ్ల పక్క మైలురాళ్లు తీసేసి కిలోమీటరు రాళ్లు పాతిన ఏడు, అరుగు మీద ఆయన చేసిన ప్రసంగం నాకింకా గుర్తుంది.

"మైళ్లున్నప్పుడు నెల్లూరు మనకు పన్నెండే. ఇప్పుడు పంతొమ్మిదంట. మనం పడుకోనుంటే గవర్నమెంటోళ్లు ఊరిని సముద్రంలోకి తోసినారు."

"అయితే ఇంకాస్త తోస్తే చేపలు ఇంటికే వస్తాయి గదన్నా," అన్నాడు హజరత్తయ్య. అరుగు మీద బావకు ఎదురు మాట్లాడే పెద్దమనిషి ఆయనే. శకునాలు, తిథులు, బల్లిపాటు ఆయన శాఖ. వాటిని ఎగతాళి చెయ్యడం బావ శాఖ.

ఇన్ని అభిప్రాయాల మధ్య బావకు ఒకే ఒక కోరిక ఉండేది. బస్సు మా ఊళ్లోకి రావాలి. వచ్చి ఇంటి ముందు ఆగాలి. అప్పట్లో బస్సు రెండు మైళ్ల అవతల కాలువ వంతెన దగ్గరే తిరిగిపోయేది. అక్కకు మోకాళ్లు పట్టేసి అంతదూరం నడవలేక, బండి కుదుపు ఓర్చుకోలేక, ఆస్పత్రి మాట అటుంచి, నెల్లూరు మొహం చూసి నాలుగేళ్లయింది. కంకర రోడ్డు వేస్తామంటే బావ అడగకముందే తన మడి అంచు వదిలేశాడు. రోడ్డు పడింది.

"ఏమ్మే, బస్సొచ్చి మన గడప ముందర నిలబడకపోతే నా పేరు పద్మనాభయ్యే కాదు," అన్నాడు అక్కతో.

"మార్చుకునేదానికి ఏం పేరు బాగుంటుందో తమ్ముణ్ణి అడుగు. వాడికి పుస్తకాల్లో పేర్లు శానా తెలుసు," అంది అక్క.

చివరికి బస్సు యజమాని ఒప్పుకున్నాడు. బ్రేకు ఇన్‌స్పెక్టరు బస్సులో ఊరిదాకా వచ్చి దారి చూసి, ఎక్కడిదాకా తిరగవచ్చో ఆరోజే తేల్చేస్తాడన్నారు. బావ ఊరి మొగదల, రోడ్డుకు అడ్డంగా, సరుగుడు వాసాలతో స్వాగత తోరణం కట్టించాడు. దానికి కొబ్బరాకులు చుట్టించాడు. నడుమ 'స్వాగతం' అని ఒక్క మాట రాసిన పలక చాలునన్నాడు.

ఇక్కడ నేను ప్రవేశించాను.

ఒక్క మాటా? ఊళ్లో కవి ఉండగా? నాలుగు పాదాల పద్యం రాశాను. అందులో బస్సును 'ధూమరథం' అన్నాను, ఇన్‌స్పెక్టరును 'శకట శాస్త్ర విశారదుడు' అన్నాను. బావ విని, "బాగుంది. అయితే అచ్చరాలు పెద్దవిగా ఉండాల. డ్రైవరు కాలువ కాడినుంచే చదవాల," అన్నాడు. అంత పెద్ద అక్షరాల్లో నాలుగు పాదాలు పట్టాలంటే పలక కిందికి పెరగక తప్పలేదు. పాత గాదె పలకలు తెచ్చి, ఇనప పట్టీలతో బిగించి, నేనే రంగు పూసి రాశాను. ఒక పాదం తగ్గించమని వడ్రంగి అన్నాడు. వడ్రంగికి ఛందస్సు ఏం తెలుసునని నవ్వాను.

ఎత్తు చాలుతుందా అని అనుమానం వచ్చింది. మా లోకంలో నిండా గడ్డి వేసిన బండి కన్నా ఎత్తయిన వాహనం లేదు. మునెయ్య తన బండికి కోతల నాటి ఎత్తున గడ్డి వేసి తోలుకొచ్చాడు. బండి తోరణం కింద సాఫీగా దూరిపోయింది. నాలుగు గడ్డిపోచలు పద్యం చివరి పాదానికి అంటుకున్నాయి. "కొలిచినట్టు సరిపోయింది," అన్నాడు బావ. "కొలిచినట్టే," అన్నాను నేను. గడ్డి తల వంచి పోతుందని, బస్సు వంచదని, అంతమందిలో ఒక్కరికీ తట్టలేదు.

బస్సొచ్చే రోజు అక్క కొత్తచీర కట్టుకుని, ముడిలో కనకాంబరాలు పెట్టుకుని, గడప దగ్గర పీట వేసుకుని కూర్చుంది. తిరుగు బస్సులో మొట్టమొదట ఎక్కేది ఆమే. మేమంతా తోరణం దగ్గరికి వెళ్లాం. బస్సు దుమ్ము లేపుకుంటూ వచ్చింది. పైన చేపల గంపలు, ఎవరిదో సైకిలు. తోరణం ముందు ఆగింది. డ్రైవరు పరంజ్యోతి దిగి, బస్సు నెత్తిని చూసి, పలకను చూసి, నడుం మీద చేతులు పెట్టుకుని పద్యమంతా చదివాడు.

"ఎవురు రాసినారు సార్?"

"నేనే," అన్నాను, కొంచెం ముందుకు వచ్చి.

"బాగుండాది సార్. కింది రెండు లైన్లు లేకుంటే బస్సు పట్టుద్ది."

నా పద్యానికి పుట్టినప్పటినుంచి వచ్చిన మొదటి విమర్శ అది. అంత సూటి విమర్శ మళ్లీ రాలేదు.

గంపలు, సైకిలు దించి చూశారు. చాలలేదు. పక్కకు తిప్పుకుందామంటే తోరణం దగ్గర రోడ్డుకు రెండువైపులా మడులు. పట్టీలు ఊడదీయడానికి పనిముట్లు లేవు. బావ ఒక్క క్షణం నా వైపు చూసి, ఎవరి చేతిలోనో ఉన్న కొడవలి లాక్కున్నాడు. వాసాలకు కట్టిన తాళ్లు కోసేస్తే తోరణం మొత్తం పక్కకు పడుతుంది. నిచ్చెన వేసుకుని ఎక్కాడు.

"అన్నా, దిగు," అన్నాడు హజరత్తయ్య. "వచ్చేవాళ్లు ఎదురుగా నిలబడుంటే తోరణం తెగ్గోస్తారా యాడన్నా?"

"నీ శకునాలు నీ కాడ పెట్టుకో."

"నాకేంది. కోసుకో. మొదట ఎక్కేది మీ ఇంటి ఆడమనిషి గదా, ఆలోచించుకొని కోసుకో."

బావ కొడవలి తాడు మీదే ఉంది. పదేళ్లుగా అరుగు మీద బల్లిని, పిల్లిని, తుమ్మును, రాహుకాలాన్ని చీల్చి చెండాడిన మనిషి. ఆ ప్రసంగాలన్నీ నేను విన్నవాణ్ణి. ఇప్పుడూ ఒకటి వస్తుందని ఎదురుచూశాను. ఆయన ఊరి వైపు, అక్క కూర్చున్న వైపు, చూశాడు. కొడవలి కిందికి అందించి నిచ్చెన దిగాడు. బావ అభిప్రాయం చెప్పకుండా ఉండగా నేను చూసింది అదే మొదలు.

బస్సు దిగిన ఇన్‌స్పెక్టరు, వచ్చిన దారిలో కాస్త వెనక, రోడ్డు పక్కనున్న కళ్లం చూసి సంతోషించాడు. నూర్పిళ్లకు చదును చేసిన నేల, గట్టిగా, వెడల్పుగా ఉంది. "ఊళ్లో ఇంత చోటెక్కడిది? బస్సు ఇక్కడే తిరుగుతుంది. ఇదే స్టాపు," అని తేల్చేశాడు. నా పద్యం పక్కన నిలబడి ఫోటో కూడా తీయించుకున్నాడు.

బావకు ఇంటికి వెళ్లే ధైర్యం లేక నన్ను పంపాడు. అక్క అంతా విని చాలాసేపు నవ్వింది.

"ఆ గడ్డిబండి యాడుందిరా?"

"మునెయ్య దగ్గరే."

"సగం గడ్డి దించి తోలుకొని రమ్మను. కొలిచిన బండే గదా, తోరణం నన్నూ దూరనిస్తుంది."

గడ్డి మీద కుదుపు తెలియలేదు. అక్క మెత్తగా కూర్చుని వచ్చి, తోరణం కింద దూరేటప్పుడు తలెత్తి పద్యం చదివింది. "ధూమరథం అంటే ఏందిరా?" అని అడిగింది. చెప్పాను. "మరి బస్సనుంటే పలక చిన్నదయ్యుండేది గదా," అంది. బావ ఆమెను బస్సు మెట్టు ఎక్కించి, కిటికీ పక్కన కూర్చోబెట్టి, తాను నిలబడ్డాడు. నెల్లూరు దాకా ఆయన మాట్లాడిన పాపాన పోలేదు.

మర్నాటినుంచి మామూలే. బస్సు ఇంటి ముందుకు రాలేదన్న ఒక్క విషయం మీద మరో ఏడేళ్లు మాట్లాడాడు. ఆస్పత్రికి వెళ్లే రోజుల్లో మాత్రం తెల్లవారకముందే గడ్డి ఆయనే పరిచేవాడు, ముళ్లు ఏరి. తోరణం ఆ వానాకాలమే పడిపోయింది. పలక ఎవరి దొడ్లోనో మేకలకు తలుపయింది. స్టాపుకు మాత్రం 'తోరణం' అన్న పేరు నిలిచిపోయింది. నా సాహిత్యంలో జనం నోళ్లలో నిలిచింది అదొక్కటే. అందులోనూ నేను రాసిన మాట ఒక్కటీ లేదు.

పోయిన కార్తీకంలో బావ పోయాడు. ఆయన పోయిన రెండు నెలలకు, ఊళ్లో చావిడి వెనక చోటు చదును చేసి, బస్సును లోపలిదాకా పొడిగించారు. పంచాయతీవాళ్లు నా దగ్గరికి వచ్చి, పద్మనాభయ్యగారి పేరు మీద మళ్లీ తోరణం కడతాం, నాలుగు ముక్కలు రాసిపెట్టమన్నారు. నేను తడుముకుంటుంటే అక్క లోపలినుంచి అంది: "ముందర బస్సును రానీండి నాయనా."

తోరణం కట్టలేదు. బస్సు వచ్చింది. గడప ముందు ఆగింది. అక్క నా భుజం పట్టుకుని ఎక్కి, కిటికీ పక్కన కూర్చుంది. ఊరి మొగదల, పాత స్టాపు దగ్గర, కండక్టరు అలవాటు కొద్దీ "తోరణం, తోరణం," అని అరిచి విజిలు వేశాడు. బస్సు ఆగింది. దిగేవాళ్లు లేరు, ఎక్కేవాళ్లు లేరు. అక్క కిటికీలోంచి కళ్లం వైపు చూస్తూ కూర్చుంది. ఉత్తినే ఆగే బస్సు గురించి, వృథా అయ్యే డీజిలు గురించి, దీని వెనక ఉన్న ప్రభుత్వ విధానం గురించి ఎవరైనా నాలుగు మాటలు అంటారేమోనని నేను కాస్త ఎదురుచూశాను.

కండక్టరు మళ్లీ విజిలు వేశాడు.