గోడవతల అన్నయ్య ఆట

మా అన్నయ్య ఆట నాకు చెవులతోనే తెలుసు. రాయగడలో మా రైల్వే క్వార్టరు పెరటిగోడకి అవతలే మైదానం. ఆడపిల్లలు అటు వెళ్ళకూడదని నాన్నగారి మాట. అక్షరాలూ స్తోత్రాలూ ఇంట్లోనే కూర్చోబెట్టి నేర్పిన ఆయన మాట కాదనడం నాకు తెలీదు. సాయంత్రాలు తులసికోట దగ్గర ముగ్గు వేస్తూ వినేదాన్ని. ఎందరు ఫుట్‌బాల్ తన్నినా అన్నయ్య తన్నిన చప్పుడు వేరుగా తెలిసేది, తడిబట్ట బండకేసి కొట్టినట్టు. వెంటనే జనం "గోల్" అని అరిస్తే వంటింట్లోంచి అమ్మ కేకేసేది.

"ఏటే అమ్మీ ఆ గోల?"

"గోల కాదమ్మా, గోలు."

"ఏదైతేనేటి, సెవులు సిల్లులడిపోతన్నాయి" అంటూనే నవ్వేది.

అన్నయ్య ఫార్వర్డు. ముందుండి గోలు కొట్టడమే అతని పని. ఆ కాళ్ళ పుణ్యమాని కోరాపుట్ వైపు కొండమీది ఫ్యాక్టరీలో ఫిట్టరు ఉద్యోగం వచ్చింది. వాళ్ళ టీములో ఆడేవాడు. జిల్లా పోటీలు, సంత ఊళ్ళలో ఆటలు, అంతవరకే. కటక్‌లో పెద్ద టీము నుంచి పిలుపొస్తుందని ఏటేటా ఎదురుచూసేవాడు.

ఒకసారి ఆటగాళ్ళని ఎంచడానికి అక్కణ్ణుంచి పెద్దమనుషులు మా రాయగడే వచ్చారు. గోడవతల అన్నయ్య చప్పుడు వినబడింది. జనం అరిచారు. అంతలో ఈల. ఆ తర్వాత ఏమీ లేదు.

ఇంటికొచ్చి నూతి దగ్గర కాళ్ళు కడుక్కుంటుంటే అమ్మ అడిగింది, "ఏటయిందిరా?"

"గోలు కొట్టేనమ్మా. గీతకాడోడు జెండా ఎత్తేసేడు, ఆఫ్‌సైడిచ్చేసేరు."

అమ్మ చెవికి అది అపచారంలా తగిలింది. "అపచారమా! ఏటి సేసేవురా నాయనా? బూట్లేసుకుని గుడికాడ గానీ తిరిగేవా?"

అన్నయ్య నవ్వలేదు. "ముందెళ్ళిపోయేనమ్మా. నాకు బంతి అందించకముందే అందర్నీ దాటి ముందెళ్ళిపోయేను. అదే తప్పు."

మర్నాడే అమ్మ మజ్జిగౌరమ్మకి ఎర్రగాజులూ కొబ్బరికాయా ఇచ్చి, పిల్లాడి అపచారం మన్నించమని మొక్కుకొచ్చింది. ప్రసాదం నములుతూ అన్నయ్య, "అమ్మోరు జెండా దించేసిందేటి?" అన్నాడు. పిలుపు మాత్రం రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

నన్ను రామనగుడ దగ్గర వ్యవసాయం ఇంటికి ఇచ్చారు. మంచి మనుషులు, అమ్మవారి దయ. కానీ ఆ ఊళ్ళో ఎన్ని చప్పుళ్ళున్నా ఆ చప్పుడు లేదు. దీపం పెట్టి కళ్ళు మూసుకుంటే నోట్లోకి అదే వచ్చేది: తల్లీ, ఒక్కసారి అన్నయ్య ఆడుతుంటే చూడనీ. పెద్ద కోరికలు కోరడానికి నాకు సిగ్గు. ఇదైతే ఆవిడకి బరువు కాదనుకునేదాన్ని.

నాన్నగారు పోయిన కొన్నేళ్ళకి, అన్నయ్య టీము మా దగ్గరి సంత ఊరు బిస్సమ్ కటక్ వస్తోందని తెలిసింది. మా ఆయనే అన్నారు, "సంతలో పనుంది, నువ్వూ రా. మీ అన్నయ్య ఆట సూద్దువుగాని." రాయగడ నుంచి అమ్మా వచ్చింది.

మైదానం అంచున కోందు గిరిజన ఆడవాళ్ళు సంత బుట్టలు కింద పెట్టుకుని ఆట చూస్తున్నారు. వాళ్ళ పక్కనే నిలబడ్డాను. ఎవరూ వద్దనలేదు. ఆడేవాళ్ళందరి ముఖాలూ వెతికాను. అన్నయ్య లేడు.

"అదిగోనే" అంది అమ్మ, నీరసంగా.

గీత పక్కన నల్లచొక్కా వేసుకుని, చేతిలో జెండాతో కుంటుతూ పరిగెడుతున్నాడు. మోకాలు పాడై ఆట మానేశాడట, పక్కనెవరో అన్నారు. మాకెవరికీ చెప్పలేదు. నా కళ్ళకి మైదానమంతా అలికేసినట్టయింది.

ఇంతలో అన్నయ్య జెండా పైకి లేచింది. ఎవరో కుర్ర ఫార్వర్డు ముందెళ్ళిపోయాడు. అమ్మ ఊరుకోలేదు. "ఒరే! పాపం ఆ పిల్లడికేటి అపచారం అంటగట్టేవు?"

అన్నయ్య ఉలిక్కిపడి చూశాడు. అమ్మనీ, నన్నూ. "ముందెళ్ళిపోయేడమ్మా!" అని అరిచి నవ్వాడు.

మరి కాసేపటికి బంతి గీత దాటి అతని వైపే దొర్లుకుంటూ వచ్చింది. దాన్ని ముట్టుకోవడం జెండా మనిషి పని కాదు. ఒక్కసారి నా వైపు చూసి, జెండా చంకలో పెట్టుకుని, బంతిని అరికాలితో ఆపి, తన్నాడు.

అదే చప్పుడు. ఈసారి కాలు కూడా చూశాను. బంతి గాల్లో వంపు తిరిగి, బంతి తీసుకోవడానికి ఎదురొస్తున్న ఆటగాడి చేతుల్లో పడింది.

"ఓ జెండా బాబూ, నువ్వూ ఆడతావేటి?" ఎవరో వెక్కిరించారు.

నాకు తెలీకుండానే చేతులు జోడించాను.

"ఇక్కడ గుడేదే అమ్మీ?" అంది అమ్మ.

అన్నయ్య జెండా చేతిలోకి తీసుకుని మళ్ళీ గీత వెంట పరిగెత్తాడు.