ఎదురు

నగరిలో నేతవాళ్ల వీధులన్నిటికీ కాన్పుల డాక్టరమ్మ ధరణే. ఆబ్‌స్టెట్రీషియన్ అన్న మాట లాటిన్‌లో ‘ఎదురుగా నిలబడేది’ అన్న అర్థం నుంచి పుట్టిందని తిరుపతిలో చదివేటప్పుడు ప్రొఫెసర్ చెబితే, ఆమెకు ఆ మాట భలే నచ్చింది. ఇప్పటికీ మోచేతుల దాకా చేతులు కడుక్కుని, తల్లి కాళ్ల వైపు వెళ్లి, బిడ్డ కోసం అలాగే నిలబడుతుంది. వీధిలో మాత్రం, రెండేళ్ల కిందట భర్త పోయినప్పటినుంచి, ఎవరైనా శుభకార్యానికి బయలుదేరుతుంటే ఫోన్ చూసుకుంటున్నట్టు పక్కకు తిరిగిపోతుంది.

మొన్న మోనికకు బిడ్డ ఎదురుకాళ్లతో వస్తుంటే, ఆమె అత్త చౌడమ్మ ధరణి చేతులు పట్టుకుని, “నువ్వు ఎదురుగా నిలబడు తల్లీ, మాకదే సాలు” అని ఏడ్చింది. బిడ్డ దక్కేదాకా ధరణి అక్కణ్ణుంచి కదల్లేదు. ఈ ఉదయం వాళ్లు ఆసుపత్రి నుంచి ఇంటికి బయలుదేరుతుంటే, బిడ్డను ఒకసారి చూద్దామని వరండాలోకి వస్తోంది. అంతలో చౌడమ్మ కొడుకుతో మెల్లగా అంటోంది: “బిడ్డ మొదటిసారి గడప దాటతా ఉండాది. డాక్టరమ్మ యాడుండాదో సూడు నాయనా. పాపం, మంచి మనిషే. ఎదురొస్తాదేమో.” ధరణి వెనక్కి జరిగి మందుల గది తలుపు చాటున నిలబడింది. ఆటో మలుపు తిరిగి, బిడ్డ ఏడుపు వినబడకుండా పోయేదాకా, వెలగని ఫోన్ వంకే చూస్తూ ఉండిపోయింది.