ఏడో బావి

ఈ సంగతి నా భార్యకు కూడా తెలియదు. ఇన్నేళ్ళుగా గుండె మీద బండరాయిలా మోస్తున్నాను. మీకైనా చెప్పకపోతే ఇక ఎవరికీ చెప్పలేను.

తొంభైల్లో ఢిల్లీలో, భూగర్భ జలాల ప్రాజెక్టు ఒకదానిలో ప్రోగ్రాములు రాసేవాణ్ణి. గాజియాబాద్ వైపు ఇరవై బావుల్లో నీటిమట్టం కొలిచి తెచ్చేది సరళ. మన విజయనగరం పిల్ల, కంటోన్మెంటులో ఒక జవాను భార్య. తాత్కాలిక ఉద్యోగం. ఆ ఏడాది గడిస్తే పర్మినెంటు చేస్తామన్నారు. ఒకరోజు నాకు చీటీ తెచ్చిచ్చింది. ఏడు, పన్నెండు, పంతొమ్మిదో బావుల్లో టేపు చిక్కుకుందట, మళ్ళీ వెళ్ళి కొలిచిందట. ఆ మూడు అంకెలూ మార్చమంది.

మార్చాను. కానీ అప్పుడే ప్రోగ్రామును ఫోర్ట్రాన్ అనే పాత కంప్యూటరు భాష నుంచి సి అనే మరో భాషలోకి తిరగరాశాను. ఫోర్ట్రాన్ వరుసను ఒకటి నుంచి లెక్కపెడుతుంది, సి సున్నా నుంచి. ఏడో బావి కావాలంటే ఆరు అని రాయాలి. నేను ఏడు అని రాశాను. ఎనిమిదో బావి అంకె చెరిగిపోయి దాని చోట ఏడోది కూర్చుంది. మిగతా రెండూ అంతే. తప్పు అంకెలు అలాగే ఉండిపోయాయి, మంచివి పోయాయి.

గ్రాఫులో గీత అడ్డదిడ్డంగా రావడం చూసి పెద్దసారు మండిపడ్డాడు. బావుల దగ్గరికి వెళ్ళకుండా ఇంట్లో కూర్చుని రాసిందన్నాడు. ఆయన ఆమెను పిలిపించకముందే నాకు తప్పు కనిపించింది. కనిపించిందండీ, అబద్ధమెందుకు! సారు గదిలో సరళ నావైపు తిరిగింది.

"అన్నయ్యా, మీరైనా చెప్పండి. చీటీ మీకే ఇచ్చాను కదా?"

"ఇచ్చావమ్మా. ఉన్నది ఉన్నట్టే ఎక్కించాను."

ఎందుకన్నాను ఆ మాట? సి నాకు కొట్టిన పిండి అని అందరి దగ్గరా డబ్బా కొట్టుకున్నందుకా? సారు ముందు పరువు పోతుందనా, లేక ఆమెకెలాగూ అడిగేవాళ్ళు లేరన్న ధైర్యమా? ఇప్పటికీ తేలలేదు. రేపట్నుంచి పనిలోకి రావద్దన్నాడు సారు. ఆమె గొడవపడలేదు. "ఠీక్ హై సర్" అని సంచీ తీసుకుని వెళ్ళిపోయింది. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

వారం తర్వాత ఆమె ఇచ్చిన చీటీలు చూసి చప్పుడు చేయకుండా దిద్దేశాను. గీత చక్కగా వచ్చింది. ఆ అమ్మాయి పోయాకే లెక్కలు కుదిరాయని సారు నా భుజం తట్టాడు. అవి ఆమె కొలిచిన అంకెలే. అప్పుడూ మాట్లాడలేదు, ఛీ! చివరికి కంటోన్మెంటుకు వెళ్తే, భర్తకు బదిలీ అయిందని పక్కింటి ఆంటీ చెప్పింది. ఎక్కడికో ఆవిడకూ తెలియదు.

క్షమించమని మిమ్మల్నెలా అడగను? మీ చేతిలో లేదు. ఆ గదిలో అనాల్సింది ఇప్పుడు, వినాల్సినవాళ్ళెవరూ లేనిచోట అంటున్నాను. సర్, సరళ ఇరవై బావులకూ వెళ్ళింది. ఆ మూడింటికీ రెండుసార్లు వెళ్ళింది. తప్పు నాది.