ఖాళీ గిర్ని మోత

ఇరమ్‌కు నలుగురిలో నోరు విప్పాలంటే గొంతు పెగలదు. కొత్తగూడెంలో వాళ్ల నాన్న హఫీజ్‌ది పిండిగిర్ని. సాయంత్రం డబ్బాలతో ఆడవాళ్లు బారులు తీరగానే ఆ పిల్ల వెనక గుమ్మంలోంచి ఇంట్లోకి జారుకునేది. అలాంటిది హైదరాబాద్ వెళ్లి మోతల మీద పరిశోధన చేస్తోందంటే వాడకట్టులో అందరికీ వింతే.

ఆ పరిశోధనకు మూలం పక్కింటి బతుకమ్మ. బొగ్గుబావిలో పనిచేసే ఆమె భర్త చనిపోయాడు. గిర్నికీ ఆమె గదికీ మధ్య ఒకటే గోడ. గిర్ని తిరిగినంతసేపూ గుమ్మంటూ లోతైన మోత గోడలోంచి వచ్చి ఆమె తలలో కూర్చునేది. తలకు గుడ్డ బిగించుకుని పడుకునేదే తప్ప హఫీజ్‌ను ఏనాడూ ఒక్క మాట అనలేదు.

సన్నని మోతనైతే ఇంత దూది ఆపుతుంది. లోతైన మోతను ఆపాలంటే గోడంత మందం కావాలి. ఇరమ్ తయారుచేసిన పలకలు మాత్రం నాలుగు వేళ్ల మందమే. పలకలో చిన్న రంధ్రాలు, వాటి వెనక మడతలు మడతలుగా సన్నని దారులు. లోపలికి వెళ్లిన మోత అక్కడే తిరిగి తిరిగి సత్తువ పోగొట్టుకుంటుంది. కాలేజీలో దీన్ని అకౌస్టిక్ మెటామెటీరియల్ అంటారు. ఒకటే చిక్కు. ఏ మోతకు కొలిచి చేస్తే ఆ మోతనే మింగుతుంది. మోత శ్రుతి కాస్త కిందికి దిగినా పలకకు అది పట్టదు.

రంజాన్ సెలవుల్లో పలకలు గోడకు బిగించి, గిర్ని తిప్పి చూపించింది.

"గిర్ని తిరుగుతున్నదో లేదో తెలుస్తలేదే బిడ్డా!" అంది బతుకమ్మ. హఫీజ్ ఆనందం పట్టలేక వచ్చినవాళ్లందరికీ "మా బిడ్డ మోతను గోడల కట్టేసింది" అని చెప్పుకున్నాడు.

బక్రీద్‌కు వచ్చిన ఇరమ్ ఒక సాయంత్రం సేమ్యా గిన్నె పట్టుకుని పక్కింటికి వెళ్లింది. బతుకమ్మ గదిలో లేదు. పెరట్లో, బట్టలుతికే బండ పక్కన మంచం వేసుకుని, తలకు గుడ్డ కట్టుకుని పడుకుని ఉంది.

"పెద్దమ్మ ఈడ పండుకుందేంది అక్కా?" అని కోడలు నవతను అడిగింది.

"ఇంట్ల మోతకు ఉండలేక. నువ్వు చిన్నబుచ్చుకుంటవని మమ్మల్ని నోరు తెరవనియ్యదు. నువ్వొచ్చినవని తెలిస్తే లేసి లోపలికి ఉరుకుతది, సూడు."

ఇరమ్ గదిలోకి వెళ్లి గోడకు చెయ్యి ఆనించింది. గోడ వణుకుతోంది.

పలకల కొలత కోసం గిర్ని మోతను తాను రికార్డు చేసింది శుక్రవారం, షట్టర్ దించి ఉన్నప్పుడు. రాయి ఖాళీగా తిరుగుతోంది. బిగించిన రోజు చూపించిందీ ఖాళీ గిర్నినే. గింజలు పడితే రాయి బరువెక్కి నెమ్మదిస్తుంది, మోత కిందికి దిగుతుంది. ఆ సంగతి తనకు తెలియనిది కాదు. కానీ మైకు పట్టుకుని అంతమంది ఆడవాళ్ల మధ్య నిలబడాలి, "ఏం జేస్తున్నవే?" అంటే జవాబు చెప్పాలి. ఆ సిగ్గుకు జడిసి, పెద్ద తేడా ఉండదులే అని తనకు తానే సర్దిచెప్పుకుంది. ఆ సిగ్గు బరువును ఇన్నాళ్లూ మోసింది బతుకమ్మ తల.

గిన్నె అక్కడే పెట్టి ఇంట్లోకి పరుగెత్తి మైకు తీసుకుంది. వెనక గుమ్మంలోంచి కాదు, ముందు వైపు నుంచే గిర్నిలోకి వెళ్లి తండ్రి ఎదుట నిలబడింది.

"అబ్బాజాన్, గిర్ని ఆపకు. నా పలకలు పనిచేస్తలేవు. నేను ఖాళీ గిర్నికి కొలిచిన."

వరసలో ఉన్న ముత్యాలు అనే ఆవిడ పకపకా నవ్వింది. "మోతను కట్టేసిందంటివి గద హఫీజ్ భాయ్! తాడు తెగిందా?"

హఫీజ్ తల దించుకుని గింజలు సర్దసాగాడు. ఆ వంగిన తలను చూసేసరికి ఇరమ్ చెవులు కాలిపోయాయి. అయినా మైకు కిందికి దించలేదు.

అంతలో నవత లేపిందేమో, బతుకమ్మ తలగుడ్డతోనే వచ్చింది, చంకలో బియ్యం డబ్బా.

"పెద్దమ్మా, ఇంకా మోగుతున్నదా?" ఇరమ్ తలెత్తకుండానే అడిగింది.

బతుకమ్మ ఒక్క క్షణం హఫీజ్ వైపు చూసింది.

"అవ్ బిడ్డా. మస్తు మోగుతున్నది," అంది. డబ్బా ముందుకు జరిపింది. "నా బియ్యం పొయ్యి తమ్మీ. పిల్లను కొలుసుకోనియ్."