ఉదయగిరి గాలి సవరణ

1956 జనవరిలో నన్ను ఆత్మకూరు సెక్షనుకు సూపర్‌వైజరుగా వేశారు. రోడ్ల శాఖలో సూపర్‌వైజరంటే పనిచోట ఎండలో నిలబడేవాడు. అతని మీద అసిస్టెంటు ఇంజనీరు, ఆయన మీద నెల్లూరులో డివిజనల్ ఇంజనీరు. పైకి పోయేకొద్దీ నీడ ఎక్కువ. నాకింకా ప్రొబేషను పూర్తి కాలేదు. అంటే, పైన ఎవరికి కోపం వచ్చినా ఇంటికి పోవలసినవాణ్ణి.

నాకు అప్పగించిన పని ఆత్మకూరు బజారులో పాత కంకర రోడ్డు మీద వేడి తారు కంకర పరచడం. ఊరి బయట బాయిలరులో తారు కాచి, సన్న కంకరతో కలిపి, లారీలో తెచ్చి పరుస్తాం. పరిచిన క్షణం నుంచి అది చల్లారుతూ ఉంటుంది. మరీ వేడి మీద రోడ్డింజను తోలితే కంకర చక్రానికి అంటుకుని లేచొస్తుంది. చల్లారాక తోలితే అణగదు, పగులుతుంది. ఈ రెంటికీ నడుమ ఎన్ని నిమిషాలుంటాయో ముందే చెప్పగలగడమే ఈ పనిలోని విద్య.

నేను చదువుకున్నవాణ్ణి గనక దానికొక పట్టిక తయారుచేశాను. పొర మందం ఒక గడిలో, ఎండ ఒక గడిలో, కంకరలో గుచ్చిన థర్మామీటరు చూపిన వేడి ఒక గడిలో. ఊరి బయట మూడు రోజులు వేసి చూసి, జనవరి ఉదయాలకు పరిచినప్పటి నుంచి పదిహేను నిమిషాలని తేల్చి, ఎర్ర సిరాతో రాసి నెల్లూరు పంపాను. పంపకుండా ఉండవలసింది. ఆ పట్టిక నిజమో కాదో స్వయంగా చూడడానికి వస్తున్నామని డివిజనల్ ఇంజనీరు గారి నుంచి కబురొచ్చింది. ఆయన్ను మేమంతా దొరగారనేవాళ్లం.

ముందు రోజే రోడ్డంతా ఊడ్పించి, పలచగా తారు పూయించి, ఆరబెట్టాను. తెల్లవారాక నేను బాయిలరు దగ్గర ఉండగా, పెద్ద అధికారి వస్తున్నాడని ఊరి మునసబు గారు బజారంతా నీళ్లు చల్లించారు. లారీతో నేను వచ్చేసరికి రోడ్డు పెళ్లివారి వాకిలిలా ఉంది. ముగ్గు ఒక్కటే తక్కువ.

ఇదేమిటని అడిగితే ఆయనకు కోపం వచ్చింది. "ఏందయ్యా సూపర్‌వైజరూ, అంత పెద్దాయన వస్తా ఉంటే మొహాన దుమ్ము కొట్టించమంటావా?" అన్నారు. నేను అద్దెకున్న ఇల్లు ఆయనదే. పనికి కూలీలను పిలిపించేదీ ఆయనే. ఇంతలో జీపు వచ్చింది, దండలు పడ్డాయి, "కానివ్వండి" అన్నారు దొరగారు.

కంకర పరచగానే గుప్పున ఆవిరి లేచింది. దొరగారు మురిసిపోయి, ఎంత వేడిగా ఉందో చూశారా అని వెంట వచ్చిన అసిస్టెంటు ఇంజనీరును అడిగారు. రోడ్డింజను డ్రైవరు మస్తాన్‌ది అనుమసముద్రంపేట. దినకూలీ మీద పనిచేసేవాడు. ఇంజను మీదనుంచే కేక వేశాడు. "అది వేడి కాదు సామీ, తడి! కింద చల్లారిపోతా ఉండాది. ఇప్పుడే తోలేస్తా!"

దొరగారు గడియారం చూసుకుని, ఇంకా పన్నెండు నిమిషాలు ఉందన్నారు. పదిహేను నిమిషాల్లోపు తోలడం ముగించాలని నేను రాస్తే, పదిహేను నిమిషాల దాకా తోలనక్కరలేదని ఆయన అర్థం చేసుకున్నారు. ఆ వ్యవధికి సరిపడా మునసబు గారు కాఫీ సిద్ధం చేయించారు. తప్పుగా చదివారని దొరగారికి చెప్పే ధైర్యం ప్రొబేషనులో ఉన్న నాకు లేదు.

పద్నాలుగో నిమిషాన ఇంజను కదిలింది. కంకర అప్పటికే నిన్నటి సంగటిలా బిగుసుకుంది. చక్రం కింద అణగక, అడ్డంగా నెర్రెలిచ్చింది. దొరగారు ఆ నెర్రెల వంకా, తర్వాత నా వంకా చూసి, సాయంత్రంలోగా కారణం రాసి పంపమని జీపెక్కారు.

అసిస్టెంటు ఇంజనీరు నన్ను పక్కకు పిలిచి దారి చూపారు. డ్రైవరు ఆలస్యం చేశాడని రాస్తే సరిపోతుందట. దినకూలీ మనిషి, తీసేసినా అప్పీలుకు పోడు. ఆ మాట అప్పటికే మస్తాన్ చెవిన పడింది. ఇంజను తుడుచుకుంటూ, "రాస్తే రాయండి సామీ. ఇంటికాడ తినేవాళ్లు అయిదుగురు ఉండారు. వాళ్లకేం చెప్పాల్నో అది కూడా మీరే రాసీండి," అన్నాడు. నాకు సిగ్గేసింది. నిజం చెప్పాలంటే, సిగ్గుకన్నా భయం ఎక్కువేసింది.

మధ్యాహ్నం భోజనం చేయకుండా కాగితం ముందు కూర్చున్నాను. దొరగారి కాఫీ అని రాస్తే నా ఉద్యోగం పోతుంది. మునసబు గారి నీళ్లని రాస్తే ఇల్లూ పోతుంది, కూలీలూ పోతారు. మస్తాన్ పేరు రాయడానికి చేతులు రాలేదు. వీళ్లెవరూ కాక ఆ ఉదయం అక్కడ ఉండే అవకాశమున్నది గాలి ఒక్కటే. ఆనాడు వేపాకైనా కదల్లేదు. అయినా గాలిని సంజాయిషీ అడిగే అధికారం మా శాఖలో ఎవరికీ లేదు. ఉదయగిరి కొండ మీదనుంచి హఠాత్తుగా వీచిన చలిగాలి వల్ల పొర అంచనాకన్నా ఆరు నిమిషాలు ముందే చల్లారినదని రాసి సంతకం పెట్టాను.

కాగితం అందరికీ నచ్చింది. పగిలిన మేర తవ్వి మళ్లీ వేశాం, ఈసారి ఎవరినీ పిలవకుండా. మస్తాన్ ఇంజను మీదే ఉన్నాడు. నాకు ఉద్యోగం ఖాయమైంది. నిశితంగా పరిశీలించినందుకు మెప్పు కాగితం కూడా ఇచ్చారు.

రెండేళ్లకు పనిమీద ఉదయగిరి వెళ్తే, అక్కడి సెక్షను ఆఫీసు గోడకు నా పట్టిక టైపు చేసి అంటించి ఉంది. అడుగున కొత్త గడి ఒకటి చేరింది: "ఉదయగిరి గాలి సవరణ. ఆరు నిమిషాలు తగ్గించవలెను." గాలి ఉన్నా లేకపోయినా అక్కడి సూపర్‌వైజరు దాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తున్నాడు. "మీ అంకె బలే కరెక్టండీ, ఒక్క పగులు రాలేదు," అన్నాడు. ఆరు నిమిషాలు ముందుగా తోలితే ఎందుకొస్తుంది? చెప్పబోయి మానుకున్నాను.

తర్వాత ఉద్యోగంలో పట్టికలు చాలా చూశాను. ఏ అంకె చూపించినా, ఎలా కొలిచారని ముందు అడిగేవాణ్ణి. ఆ రోజు కాఫీ ఎవరు తాగారని తర్వాత అడిగేవాణ్ణి.