ఊగని అద్దం

ఆ రోజుల్లో వదులుగా ఉన్న వస్తువేదీ నా కంటికి నచ్చేది కాదు. గూడెం పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా పూర్తిచేసి, ఏలూరులో మావయ్య లారీ షెడ్డులో చేరిన కొత్త. ఏ పనికైనా ముందు వరస రాసుకోవాలి, విప్పిన మరల్ని విప్పిన క్రమంలోనే గుడ్డ మీద పేర్చాలి, ఊగేదాన్నల్లా బిగించాలి. (అమ్మమ్మ పడక్కుర్చీని కూడా బిగించాను. ఆ తర్వాత ఆవిడ దాన్ని మడవలేక వరండాలోనే వదిలేసింది. అది నాకు హెచ్చరిక అని అప్పుడు తోచలేదు.)

మావయ్యకి ఉన్నది ఒకటే చేపల లారీ. కొల్లేరు వైపు చెరువుల్లో పట్టిన చేపని ఐసు వేసి ఏలూరు ప్యాకింగ్ షెడ్డుకి చేర్చడం దాని పని. దాన్ని నడిపే ఆయన్ని అందరం సాయిబుగారనేవాళ్లం. ఒక సాయంత్రం ఆయన డ్రైవరు వైపు అద్దాన్ని చూపించి, "వెనక డొప్ప పగిలిందండి. పైగా ఊగి ఊగి, వెనకొచ్చే బండి ఒకటైతే రెండు కనపడుతున్నాయి. ఏదన్నా చేసి పెట్టండి బాబూ" అన్నారు. మావయ్య నా వైపు తిరిగాడు. "డిప్లొమా చేశావు కదరా, చూడు. పొద్దున్నే లోడుకెళ్లాలి. చేపతో ఆటలొద్దు." మేనల్లుడిగా కాక పనివాడిగా ఆయన నన్ను నమ్మడం అదే మొదలు.

వేడినీళ్ల గుడ్డతో కాపడం పెట్టి అద్దాన్ని డొప్పలోంచి లాగాను. పగులు వెంట సన్నటి తీగని వేడిచేసి ప్లాస్టిక్కులో దింపి, కుట్టినట్టు అతికించాను. ఇక మిగిలింది ఊగుడు. కీలులో ఒక స్ప్రింగు అలసిపోయి కనిపించింది. దాన్ని తీసేసి, అక్కడ ఇనప గొట్టం ముక్క దూర్చి, నట్టు బిగించి, పైన గట్టి లప్పం మెత్తాను. పొద్దుటికి రాయైంది. సాయిబుగారు అరచేత్తో తట్టి చూసి, "గోడలో కట్టినట్టుందండి" అని మురిసిపోయారు. "నువ్వూ ఎక్కు. దార్లో ఊడితే బిగిద్దువుగాని" అని మావయ్య నన్నూ పంపాడు.

లోడయ్యేసరికి ఎండెక్కింది. చేపల మీద ఐసు, ఐసు మీద తడి గోనె. చెరువుల మధ్య గట్టు మీద కొంచెం దూరం వచ్చామో లేదో, ఎదురుగా మేత బస్తాల లారీ. ఆ గట్టు రెండు బళ్లకి చాలీచాలని వెడల్పు. అందుకే అక్కడొక పద్ధతి ఉంది. ఇద్దరు డ్రైవర్లూ కిటికీలోంచి చెయ్యి పెట్టి అద్దాలు మడుచుకుని, బండికి బండి రాసుకున్నంత పనిచేస్తూ దాటిపోతారు. అవతలాయన తన అద్దం మడిచాడు. సాయిబుగారు చెయ్యి పెట్టి నెట్టారు. మళ్లీ నెట్టారు. తర్వాత నెమ్మదిగా తల తిప్పి నన్ను చూశారు.

"బాబూ, ఇది మడతపడట్లేదండి."

"మడతపడదండి" అన్నాను. ఆ స్ప్రింగు అక్కడ ఎందుకుందో నాకు సరిగ్గా అప్పుడే అర్థమైంది.

"ఏవండీ సాయిబుగారూ, మీ అద్దానికి మెడ పట్టేసిందాండీ?" అని అవతలి డ్రైవరు పలకరించాడు.

వెనక్కి తీద్దామంటే మా వెనక ఇంకో లోడు బండి వచ్చి ఆగింది. లారీ కింద ఐసు నీళ్లు అప్పటిదాకా చుక్కలు, ఇప్పుడు ధార. స్పానరు పట్టుకుని దిగాను. తలుపుకి అద్దాన్ని పట్టి ఉంచే బోల్టులొక్కటే నా చెయ్యి సోకకుండా మిగిలాయి. వాటినే గబగబా విప్పాను. మరల్ని వరసగా పేర్చడానికి గుడ్డా లేదు, తీరికా లేదు. ఒక బోల్టు జారి గట్టు దిగి, చెరువులో బుడుంగుమంది. బళ్లు దాటాయి. అద్దాన్ని మిగతా బోల్టులతో తగిలిస్తే తల వాల్చేసింది.

"పోనీండి, ఒళ్లో పెట్టుకుని కూర్చోండి" అన్నారు సాయిబుగారు.

ఏలూరు దాకా ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి వెనక చూసుకుంటూ నడిపారు. అద్దం నా ఒళ్లో వెల్లకిలా పడుకుంది. వెనకొచ్చే బళ్లకి బదులు దాంట్లో గ్రీజు పూసుకున్న నా ముఖం. ప్రతి గతుక్కీ నాకు ఐసు కరుగుతున్నట్టే వినిపించింది. చేప మెత్తబడితే మావయ్యకి ఏం చెప్పాలి? ప్యాకింగ్ షెడ్డు ముందు గోనె ఎత్తి చెయ్యి పెట్టాను. అడుగున ఇంకా ఐసు గరగరలాడింది. అప్పటికి ఊపిరొచ్చింది. లారీ ఎక్కి మళ్లీ అద్దాన్ని ఒళ్లోకి తీసుకున్నానో లేదో, ఫోను మోగింది.

"చేప బాగుందా?"

"బాగుంది మావయ్యా."

"అద్దం ఊగలేదు కదా?"

ఒళ్లోకి చూసుకున్నాను. "అస్సలు ఊగలేదు."

సాయిబుగారు మొహం కిటికీ వైపు తిప్పేసుకున్నారు. భుజాలు మాత్రం ఊగుతున్నాయి.

ఇప్పుడు నేను బస్సు బాడీలు కట్టే చోట పనిచేస్తున్నాను. "సార్, ఇది ఊగుతోంది" అని ఎవరైనా వస్తే, స్పానరు అందుకునే ముందు కాసేపు దాన్ని ఊగనిచ్చి చూస్తాను. మొన్న సెలవుకి వెళ్లినప్పుడు అమ్మమ్మ పడక్కుర్చీ మర కాస్త వదులు చేశాను. ఆవిడ దాన్ని మడిచి, ఈడ్చుకుంటూ నీడలోకి వెళ్లిపోయింది. ఒళ్లో అద్దం పెట్టుకుని బిగుసుకుపోయిన ఆ కుర్రాడు గుర్తొచ్చాడు. వాడి మరా ఎవరైనా ఒక చుట్టు వదులు చేసి ఉంటే బాగుండేది అనిపించింది.